పచ్చకామెర్లు పెట్టించిన గేటు

1955 వర్షాకాలపు వరదలు తీశాక యమున పక్కకి ఒరిగింది. వజీరాబాద్‌లో ఢిల్లీకి తాగునీళ్ళు తోడే పంపుల ముందు నది పలచబడింది. కాస్త దిగువన కలవాల్సిన నజఫ్‌గఢ్ కాలువ మురుగు ఎదురెక్కి ఆ పంపుల్లోకే వచ్చింది. నవంబరులో సుమారు వారం రోజులు ఊరు ఆ నీళ్ళే తాగింది. క్లోరిన్ మోతాదు పెంచారు. దాంతో టైఫాయిడ్ లాంటివి ప్రబలలేదు గానీ, డిసెంబరు, జనవరి నెలల్లో 29 వేల మందికి పైగా కళ్ళు పచ్చబడ్డాయి. అది హెపటైటిస్-ఇ అని చాలా ఏళ్ళ తరవాత గానీ తేలలేదు.

గురుగ్రామ్‌లో ఇరవయ్యో అంతస్తులో కూర్చుని ఆర్వో నీళ్ళు తాగే మనవాళ్ళకి ఈ పాత కథతో ఏం పని అనిపించవచ్చు. పని ఉంది. ఢిల్లీ చుట్టుపక్కల అందరూ ‘సొసైటీ’ అని పిలిచే, గోడా గేటూ గార్డూ ఉన్న నివాసాల పుట్టుక వెతుక్కుంటూ వెళితే మొదట ఎదురయ్యేవి ఆ కామెర్లే. దొంగల భయంతో గేటు పుట్టిందని మనం అనుకుంటాం. అది కొంత నిజం. కానీ అసలు కారణం వేరని నా లెక్క. ప్రభుత్వం ఢిల్లీలో భూమిని మరీ గట్టిగా పట్టుకుంది, సరిహద్దు దాటాక ఊరిని మరీ వదిలేసింది. ఆ రెంటి నడుమ పుట్టిందే ఈ గేటు.

అప్పటి ఢిల్లీ సంగతి చూడండి. 1941లో 9 లక్షలున్న జనాభా దేశ విభజన కాందిశీకులతో 1951కి 17 లక్షలు దాటింది. ఇంత మందికి ఇళ్ళ స్థలాలు అమ్మింది ఎక్కువగా ప్రైవేటు కాలనీదారులే. వాళ్ళలో పెద్ద సంస్థ ఢిల్లీ ల్యాండ్ అండ్ ఫైనాన్స్, మనకి తెలిసిన పేరు డీఎల్ఎఫ్. చౌధరి రాఘవేంద్ర సింగ్ దాన్ని 1946లో పెట్టారు. కృష్ణానగర్, మోడల్ టౌన్, సౌత్ ఎక్స్‌టెన్షన్, గ్రేటర్ కైలాష్, హౌజ్ ఖాస్ లాంటి ఇరవైకి పైగా కాలనీలు ఆ సంస్థ వేసినవే. మిగతా చోట్ల ఎవరికి తోచినట్టు వాళ్ళు పొలాలు చెక్కలు చేసి అమ్మేవాళ్ళు. నీళ్ళెక్కడివి, మురుగెక్కడికి అని అడిగే నాథుడు లేడు.

కామెర్లతో ఆ ప్రశ్న పార్లమెంటు దాకా పోయింది. రాజధానికి ఒక మాస్టర్ ప్లాన్ ఉండాలన్న మాటకి బలం వచ్చింది. ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో ఆల్బర్ట్ మేయర్ అనే అమెరికా ప్లానరు బృందం దిగింది. 1957 చివర ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ, అంటే డీడీఏ పుట్టింది. 1959 నవంబరులో 34 వేల ఎకరాలకు పైగా భూమిని సేకరిస్తామని నోటిఫికేషన్ వచ్చింది. 1962లో మాస్టర్ ప్లాన్ అమల్లోకి వచ్చింది. భూమి సేకరించేది, కాలనీ వేసేది, అమ్మేది అంతా సర్కారే. ప్రైవేటు కాలనీదారుడికి రాజధానిలో తలుపులు మూసుకుపోయాయి.

ఉద్దేశం మంచిదే. పిల్లలు పెద్ద రోడ్డు దాటకుండా బడికి నడిచి వెళ్ళేలా పేటలు వేయాలని క్లారెన్స్ పెర్రీ 1929లో న్యూయార్క్ ప్రాంతం కోసం ఒక పద్ధతి రాశాడు. మేయర్ దాన్నే ఢిల్లీకి పట్టుకొచ్చాడు. ప్రతి పేటకీ బడి, పార్కు, చిన్న బజారు. గోడలూ గేట్లూ అందులో లేవు. అయితే ఒకే దుకాణం ఉన్న ఊళ్ళో క్యూ పెరగక తప్పదు కదా. 1979లో డీడీఏ కొత్త స్కీమ్ ప్రకటిస్తే 1.7 లక్షల మందికి పైగా పేర్లు రాయించుకున్నారు. వాళ్ళలో కొందరికి ఇల్లు చేతికొచ్చేసరికి పిల్లలు పెళ్ళీడుకొచ్చారు, ఇంకొందరు రిటైరైపోయారు.

క్యూలో నిలబడలేని ఉద్యోగులకి ఒక పక్కదారి దొరికింది. అదే సహకార గృహనిర్మాణ సంఘం. ఒకే ఆఫీసు వాళ్ళో, ఒకే ప్రాంతం వాళ్ళో కలిసి సంఘం రిజిస్టరు చేయించుకుంటే డీడీఏ స్థలం ఇచ్చేది, కట్టుకోవడం వాళ్ళ పని. సొసైటీ అన్న పిలుపు అక్కణ్ణుంచి వచ్చిందే. పట్పర్‌గంజ్, మయూర్ విహార్, రోహిణి, ఆ తరవాత ద్వారకా, వీటిలో చాలా సొసైటీలు అలా వచ్చినవే.

ఆ దారిలో వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చింది దక్షిణ ఢిల్లీ అలకనందలోని యమునా అపార్ట్‌మెంట్స్. దక్షిణాది ఉద్యోగ కుటుంబాల సంఘం కట్టించుకున్నది. 1970లలో రంజిత్ సాబిఖి, అజయ్ చౌధురి ఉన్న ‘డిజైన్ గ్రూప్’ సంస్థ గీసింది, సుమారు 200 ఇళ్ళు. కార్లన్నీ అంచున ఆగిపోతాయి. లోపల సన్నటి నడక వీధులు, వాటి మీదికే తెరుచుకునే వాకిళ్ళు, మిద్దెలు. వీధులన్నీ నడిమధ్య చౌరస్తాలో కలుస్తాయి. పాలప్యాకెట్టుకి దిగినవాళ్ళు అక్కడ ఆగి మాట్లాడుకోకుండా ఇంటికి పోలేరు. ఆ చుట్టుపక్కలే చార్లెస్ కొరియా గీసిన తారా అపార్ట్‌మెంట్స్ ఉంది. 1982 ఆసియా క్రీడల కోసం రాజ్ రేవాల్ కట్టిన గ్రామంలోనైతే వీధి వీధికీ గేటు ఉంది. కానీ అవి ఎవరినీ ఆపేవి కావు, ఒక వాడ అయిపోయి ఇంకో వాడ మొదలవుతోందని చెప్పే కమానులు. అందం కోసం కట్టినవి.

ఆపే గేట్లు 1984 తరవాత వచ్చాయి. ఇందిరా గాంధీ హత్య వెంటనే సిక్కుల మీద జరిగిన మారణకాండలో కాలనీలు రాత్రిళ్ళు కర్రలు పట్టుకుని కాపలా కాసుకున్నాయి. ఆపైన ఉగ్రవాద భయం. అంతకుముందు వరకు బారలా తెరిచి ఉండే వీధుల మొదట్లో ఇనుప గేట్లు లేచాయి. రాత్రి పదకొండుకి తాళం, చౌకీదారుకి నెలనెలా ఇంటింటి చందా. చందా వసూలుకి ఒక కమిటీ కావాలి, అదే ఆర్‌డబ్ల్యూఏ, అంటే రెసిడెంట్స్ వెల్ఫేర్ అసోసియేషన్. గేటు, కాపలా, కమిటీ మూడూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

ఇక సరిహద్దుకి అవతల. ఢిల్లీలో తలుపులు మూసుకున్నాయి గనక కాలనీదారుల చూపు హర్యానా మీద పడింది. 1975లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. లైసెన్సు తీసుకుని ప్రైవేటు వాళ్ళు కాలనీలు వేయవచ్చు. లోపలి రోడ్లు, డ్రైనేజీ, పార్కులు వాళ్ళే వేయాలి, కొంత భాగం పేదల ప్లాట్లకి విడవాలి, బయట వేయాల్సిన పెద్ద రోడ్లకీ పెద్ద పైపులకీ ప్రభుత్వానికి రుసుము కట్టాలి. కాగితం మీద లోటు లేని ఏర్పాటు.

దాన్ని అందిపుచ్చుకున్నవాడు కుశల్ పాల్ సింగ్, అందరికీ కేపీ సింగ్. బులంద్‌షహర్ జిల్లాలో పుట్టి, సైన్యంలో డెక్కన్ హార్స్ దళంలో పనిచేసి, రాఘవేంద్ర సింగ్‌కి అల్లుడయ్యాడు. ఢిల్లీలో పని లేక డీఎల్ఎఫ్ పేరుకి మాత్రం మిగిలిన రోజుల్లో మామగారి సంస్థని చేతిలోకి తీసుకుని ఇప్పుడు గురుగ్రామ్ అంటున్న గుడ్గావ్ పల్లెల బాట పట్టాడు. అవి అరావళి రాళ్ళ మధ్య అంతంతమాత్రం పంట పండే పొలాలు. ప్రతి చెక్కకీ నలుగురైదుగురు వారసులు, వాళ్ళలో మైనర్లు, కోర్టుకెక్కిన అన్నదమ్ములు. ఒక్క వేలిముద్ర తక్కువైతే చేను చేతికి రాదు. ఆయన రైతుల మంచాల మీద కూర్చున్నాడు, హుక్కాలు పంచుకున్నాడు, పెళ్ళిళ్ళకి వెళ్ళాడు, తగవులు తీర్చాడు. చేతిలో డబ్బు తక్కువ. అందుకని పొలం అమ్మిన రైతు చేతనే ఆ డబ్బు తిరిగి తన సంస్థలో దాయించి, నెల తప్పకుండా వడ్డీ ఇంటికి పంపించేవాడు. అలా 3,500 ఎకరాలు కూడబెట్టాననీ, అందులో సగానికి పైగా అరువు మీదే కొన్నాననీ ఆయన చెప్పుకున్నాడు. భూసేకరణ అనగానే లాఠీలు గుర్తొచ్చే దేశంలో ఈ భాగం మెచ్చుకోదగ్గదే.

2011లో వచ్చిన ఆత్మకథలో ఆయన ఒక బావి సంగతి రాశాడు. 1980 ప్రాంతంలో ఒకరోజు పొలం గట్టున బావి పక్కన నులకమంచం మీద కూర్చుని ఉంటే, ఇంజను వేడెక్కిన ఒక బండి ఆగింది. నీళ్ళ కోసం దిగిన మనిషి రాజీవ్ గాంధీ. అప్పటికింకా ప్రధాని కాలేదు. ఈ ఎండలో ఇక్కడేం చేస్తున్నారని అడిగాడు. ఇక్కడో ఊరు కట్టాలనుకుంటున్నాను, చట్టాలు కట్టనివ్వడం లేదని ఈయన జవాబు. ఆ మాటలు చాలాసేపు సాగాయట. ఇలాంటి కథల్లో చెప్పేవాడి చెయ్యి ఎంతో కొంత ఉంటుంది. అయినా 1981లో లైసెన్సు మాత్రం వచ్చింది. కుతుబ్ ఎన్‌క్లేవ్ పేరుతో మొదలైన ఆ కాలనీయే తరవాత డీఎల్ఎఫ్ సిటీ అయింది. వెనకాలే అన్సల్ వాళ్ళ పాలం విహార్, సుశాంత్ లోక్, యూనిటెక్ వాళ్ళ సౌత్ సిటీ. 1983 డిసెంబరులో అదే గుడ్గావ్‌లో మొదటి మారుతి 800 బయటికొచ్చింది. 1997లో జీఈ సంస్థ అక్కడే బ్యాక్ ఆఫీసు తెరిచింది. కాల్‌సెంటర్లు, ఆ వెనకాల సాఫ్ట్‌వేర్, ఆ వెనకాల మనవాళ్ళు.

లోపం ఎక్కడుందంటే, ఊరు పెరిగింది గానీ ఊరికి పురపాలన రాలేదు. పాత గుడ్గావ్ బజారుకి మునిసిపల్ కమిటీ ఉండేది. కొత్త కాలనీల్లో లోపలి బాధ్యత బిల్డరుది, బయటి బాధ్యత రాష్ట్ర పట్టణాభివృద్ధి సంస్థది. లోపలి పని అయిపోయేది, బయటి పని అవుతూనే ఉండేది. కాలనీ లోపల డ్రైనేజీ పైపు చక్కగా వేసి గేటు దాకా తెచ్చాక, బయట దాన్ని కలుపుకునే పెద్ద పైపు లేదు. కరెంటు సగం రోజు లేదు. నదీ నీరు అంతంతమాత్రం. రాత్రి వీధిదీపం లేదు. గుడ్గావ్‌కి మునిసిపల్ కార్పొరేషన్ వచ్చింది 2008లో, తొలి ఎన్నికలు 2011లో. అప్పటికి నగర జనాభా ఎనిమిదిన్నర లక్షలు దాటింది.

కాబట్టి ఊరు చేయాల్సిన ప్రతి పనీ గోడ లోపలికి వచ్చింది. కరెంటు లేదా, డీజిల్ జనరేటర్ పెట్టు. నీళ్ళు లేవా, బోరు వెయ్యి, చాలకపోతే ట్యాంకరు పిలువు. మురుగు పోదా, లోపలే శుద్ధి ప్లాంటు కట్టు. పోలీసు లేడా, గార్డులని పెట్టు. ఇవన్నీ పదిమందికి పంచితే భరించలేని ఖర్చు, అయిదువందల ఇళ్ళకి పంచితే తట్టుకోవచ్చు. అందుకే టవర్లు. డబ్బు కట్టినవాళ్ళకే ఆ సౌకర్యం అందాలి గనక హద్దు కావాలి. అందుకే గోడ. గుడ్గావ్ గేటు గుట్టు ఇదీ.

అమెరికాలో గోడల మధ్య నివాసాలు 1857 నాటికే ఉన్నాయి. న్యూజెర్సీలోని లెవెలిన్ పార్కు అలాంటిది. థామస్ ఎడిసన్ కాపురం ఉన్నది అందులోనే. అయితే అక్కడ డబ్బున్నవాళ్ళు ఊరికి దూరంగా ప్రశాంతత కోసం పోయారు. ఇక్కడ దూరం పోవడానికి ముందు ఊరే లేదు. పేర్లు మాత్రం పరాయి దేశాలవే తెచ్చుకున్నాం. సిల్వర్ ఓక్స్, హామిల్టన్ కోర్ట్, విండ్సర్ కోర్ట్, ప్రిన్స్‌టన్ ఎస్టేట్, రిచ్‌మండ్ పార్క్. యమున, అలకనంద, మందాకిని అని నదుల పేర్లు పెట్టుకున్న తరం వెళ్ళిపోయింది. ఆటోవాళ్ళు మాత్రం ఏ పేరైనా తమకి వీలైనట్టే పలుకుతారు.

ఇప్పుడు ఏ సొసైటీలోనైనా ఒక సాయంత్రం చూడండి. గేటు దగ్గర బైకు కుర్రాళ్ళు బారులు తీరి ఉంటారు. “భయ్యా, ఎంట్రీ కరా దో” అని గార్డు, ఫోనులో ఇంటివాళ్ళ అనుమతి కోసం ఎదురుచూపు. ఎనిమిదింటికి లైట్లు ఒక్కసారి ఆరి, నాలుగైదు క్షణాల్లో మళ్ళీ వెలుగుతాయి, బేస్‌మెంటు వైపు నుంచి గుడగుడమని డీజిల్ జనరేటర్ శబ్దం. ఇంట్లో ఎవరో ఒకరు “డీజీ మీద నడుస్తోంది, గీజరు కట్టెయ్” అంటారు. మీటరు ఒకటే, లెక్కలు రెండు. గ్రిడ్ యూనిట్‌కి ఒక ధర, డీజీ యూనిట్‌కి దానికి రెండింతలో అంతకు మించో. ప్రీపెయిడ్‌లో బ్యాలెన్సు అయిపోతే, కొన్నిచోట్ల మెయింటెనెన్స్ బాకీ పడినా, ఇల్లు చీకటి. మా దగ్గర కొత్తగా వచ్చిన ఒక పెద్దావిడ ఇది చూసి, “మునిసిపాలిటీ వాడు పన్ను కట్టకపోయినా ఇలా దీపం ఆర్పలేదు నాయనా” అంది.

అదే సాయంత్రం పనమ్మాయిలు కార్డు చూపించి, సంచి తెరిచి చూపించి బయటికి పోతారు. వాళ్ళు పోయేది ఎంతో దూరం కాదు. రైతులు పొలాలు అమ్మారు గానీ ఊళ్ళు అమ్మలేదు. నాథూపుర్, చక్కర్‌పుర్, సికందర్‌పుర్ లాంటి పాత గ్రామాలు డీఎల్ఎఫ్ ఫేజుల మధ్యే ఉండిపోయాయి. భూములమ్మిన కుటుంబాలు అక్కడ అయిదంతస్తులు లేపి గదులు అద్దెకిస్తున్నాయి. టవర్లలో వంట చేసేవాళ్ళు, గార్డులు, డ్రైవర్లు ఉండేది ఆ గదుల్లో. సొసైటీ ప్లానులో పనివాళ్ళ ఇళ్ళు ఎక్కడున్నాయని అడిగితే సరైన జవాబు ఈ గ్రామాలే. నేల కింది నీళ్ళ సంగతీ అంతే. బోర్ల మీద బోర్లు వేసి చివరికి 2012లో పంజాబ్-హర్యానా హైకోర్టు, కొత్త కట్టడాలకి భూగర్భజలం వాడొద్దు, శుద్ధి చేసిన మురుగునీరు వాడండని చెప్పాల్సి వచ్చింది.

యమునకి అవతల నోయిడా కథ మరో తీరు. ఎమర్జెన్సీలో, 1976 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన అథారిటీ అది. భూమి సేకరించేది, సెక్టార్లు గీసేది, బిల్డరుకి కేటాయించేది ఆ అథారిటీయే. రోడ్లు, పైపులు గుడ్గావ్ కన్నా మెరుగు. కానీ ప్లాను మంజూరు చేసేవాడూ భూమి అమ్మేవాడూ ఒకడే అయినప్పుడు కొన్నవాడి తరఫున నిలబడేది ఎవరు? 2004లో సెక్టార్ 93-ఎలో సూపర్‌టెక్ సంస్థకి స్థలం ఇచ్చారు. ఎమరాల్డ్ కోర్ట్ పేరుతో టవర్లు లేచాయి, జనం చేరారు. తమ బాల్కనీల ఎదుట పచ్చిక అని ప్లానులో చూసి కొన్నచోట, 2009 తరవాత కొత్త పునాదులు కనిపించాయి. సవరించిన ప్లాను ప్రకారం అక్కడ ఎపెక్స్, సెయాన్ అని రెండు టవర్లు, 2012కి వాటి అనుమతి 40 అంతస్తుల దాకా పెరిగింది. రెండు భవనాల మధ్య ఉండాల్సిన దూరం 16 మీటర్లు, అక్కడ వదిలింది 9.

మంజూరైన ప్లాను చూపించమని నివాసుల సంఘం అథారిటీని అడిగింది. అథారిటీ ఏం చేసిందో తెలుసా? చూపించవచ్చా అని బిల్డరుని అడిగింది. బిల్డరు వద్దన్నాడు. ఈ ముచ్చట సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. సంఘం నివాసుల దగ్గర చందాలు పోగుచేసుకుని 2012లో అలహాబాద్ హైకోర్టుకి వెళ్ళింది. 2014 ఏప్రిల్‌లో కూల్చమని హైకోర్టు, 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు అదే మాట చెప్పాయి. అపార్ట్‌మెంటు యజమానుల సమ్మతి లేకుండా వాళ్ళ ఉమ్మడి స్థలంలో కట్టడం చట్టవిరుద్ధమనీ, అధికారులు బిల్డరుతో కుమ్మక్కయ్యారనీ తేల్చింది. 2022 ఆగస్టు 28 మధ్యాహ్నం రెండున్నరకి, 3,700 కిలోల పేలుడు పదార్థంతో, కుతుబ్ మీనార్ కన్నా ఎత్తయిన ఆ రెండు టవర్లూ పది సెకన్ల లోపే నేలకూలాయి. చుట్టుపక్కల సొసైటీల వాళ్ళు పొద్దున్నే పిల్లలనీ కుక్కలనీ తీసుకుని వెళ్ళిపోయి, సాయంత్రానికి ధూళి తుడుచుకుంటూ తిరిగొచ్చారు.

ఆ టవర్లు టీవీలో కూలడం దేశమంతా చూసింది. నాకు ముఖ్యమనిపించింది మాత్రం తీర్పులోని ఉమ్మడి స్థలం మాట. ప్రభుత్వం చేయని పనులని కంపెనీ చేసింది, బాగుంది. ఆ పనులకి అధిపతి ఎవరన్నది మాత్రం ముప్పై ఏళ్ళు ఎవరూ తేల్చలేదు. కంపెనీ తనదే అనుకుంది. అదీ కోర్టు గుమ్మం ఎక్కితే గానీ తేలలేదు. గురుగ్రామ్‌లో బెలేర్ టవర్ల కొనుగోలుదారుల సంఘం ఫిర్యాదు మీద 2011లో కాంపిటిషన్ కమిషన్ డీఎల్ఎఫ్‌కి 630 కోట్ల జరిమానా వేసింది. ఏకపక్ష ఒప్పందాలు రాయించుకున్నారన్నది అక్కడి అభియోగం. ఆమ్రపాలి సంస్థ 42 వేల మంది కొనుగోలుదారుల డబ్బు పక్కదారి పట్టిస్తే, 2019 జూలైలో సుప్రీంకోర్టు దాని రిజిస్ట్రేషన్ రద్దు చేసి, మిగిలిన ఇళ్ళు కట్టే పని ప్రభుత్వరంగ ఎన్‌బీసీసీకి అప్పగించింది. ఇళ్ళ కొనుగోలుదారుల రక్షణ కోసం 2016లో వచ్చిన రెరా చట్టం వెనక ఇలాంటి అనేక వేల కుటుంబాల అద్దె, ఈఎంఐ రెండూ కట్టిన ఏళ్ళున్నాయి.

మన హైదరాబాద్ వైపు కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్‌లలో ఇప్పుడు లేస్తున్న టవర్లకి ఈ కథ కొత్తేమీ కాదు. కొనేముందు క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ చూడండి, కాదనను. దానికన్నా ముందు మంజూరైన ప్లాను కాపీ తీసుకుని, మీ కిటికీ ఎదుట ఖాళీగా ఉన్న స్థలం ఆ కాగితంలో ఏమని ఉందో చూడండి. మీ రిజిస్ట్రేషన్‌లో భూమి వాటా ఎంతో, మురుగు గేటు దాటి ఎక్కడికి పోతుందో, సంఘానికి బిల్డరు ఎప్పుడు తాళాలు అప్పగిస్తాడో రాతపూర్వకంగా అడగండి. చేరాక జనరల్ బాడీ మీటింగుకి వెళ్ళండి. ఢిల్లీ సొసైటీల్లో ఆ మీటింగులకి కోరం నిండక, అరగంట వాయిదా వేసి, వచ్చిన కొద్దిమందితోనే కోట్ల రూపాయల లెక్కలు పాస్ చేయించుకోవడం మామూలే.